పరదేశమున చేయందించిన వారిని ఎరిగియుండుట

కృతజ్ఞత యను మాటను మనము తరచుగా వాడుదుము గాని దానిని విప్పి చూచుట అరుదు. కృతము అనగా చేయబడినది. జ్ఞత అనగా ఎరిగియుండుట. తనకు చేయబడిన మేలును ఎరిగియుండుటయే కృతజ్ఞత. ఈ మాటలో తిరిగి ఇచ్చుట అను అర్థము లేదు. పొగడుట అను అర్థమును లేదు. ఎరుక ఒక్కటే కలదు. ఎవరు చేసిరి, ఏమి చేసిరి, అది చేయుటకు వారు ఏమి పోగొట్టుకొనిరి, ఈ మూడును తెలిసిననాడు మేలు పొందినవాడు కృతజ్ఞుడగును. తెలియనినాడు అతడు ఎన్ని దండములు పెట్టినను అవి గాలికి పెట్టిన దండములే.

శరణబంధువులారా! ఒక తరము క్రిందట మన ఇండ్లలో పరదేశవాసము అరుదు. కాశికి, కేదారమునకు, శ్రీశైలమునకు పోయి వచ్చుటయే దూరప్రయాణము. నేడట్లు కాదు. ఒక ఇంటి కుమారుడు అమెరికాలో చదువుచున్నాడు. మరొక ఇంటి పెద్ద దుబాయిలోనో రియాదులోనో తాపీపని చేయుచున్నాడు. ఇంకొక ఇంటి ఇల్లాలు తన బిడ్డలను తల్లికి అప్పగించి, కువైటులో పరుల బిడ్డలను పెంచుచున్నది. వారి కష్టమును గూర్చి మనము మాట్లాడుకొందుము. వారు పంపిన ధనమును గూర్చి మరికొంత ఎక్కువగా మాట్లాడుకొందుము. అచట వారికి చేయందించిన మనుష్యులను గూర్చి మాత్రము మన అరుగులమీద మాట వినబడదు.

అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: “అంతా శివుని దయ.” ఈ మాటలో తప్పు లేదు, శివుని దయ కానిది ఏది? అయితే ఈ మాటను రెండు విధములుగా పలుకవచ్చును. చేసిన మనిషిని తలచుకొని, ఆ మనిషిలో శివుని చూచి పలుకుట ఒకటి. ఆ మనిషి పేరు గుర్తులేక, గుర్తుంచుకొను ప్రయాసము లేక, శివుని పేరుతో కప్పిపుచ్చుట మరొకటి. మొదటిది భక్తి. రెండవదానికి భక్తి యని పేరు పెట్టుటకు నాకు నోరు రాదు. దయ ఆకాశమునుండి రాలిపడలేదు. ఒక చేతిమీదుగా వచ్చినది. ఆ చేయి ఎవరిదని అడుగుట శివుని తక్కువ చేయుట కానేరదు.

బసవ మార్గమును ఎరిగినవారికి ఇది కొత్త విషయము కాదు. కదలని గుడికంటె కదలు జంగమమునకు పెద్దపీట వేసిన మార్గమిది. అష్టావరణములలో గురువు, లింగము, ఆ వెంటనే జంగమము. జంగమమును లింగమునకు ముఖముగా భావించుట మన సిద్ధాంతము. చేతిలోని ఇష్టలింగమును మూడుపూటల అర్చించుచు, వాకిటికి వచ్చిన జంగమమును పలుకరింపని వానిని బసవేశ్వరుడు మెచ్చినవాడు కాడు. ఇచట ఒక జాగ్రత్త చెప్పవలెను. శాస్త్రార్థమున జంగమ మనగా దీక్షను పొంది, లోకహితమునకై సంచరించు శివస్వరూపుడు. రియాదు నగరమున మనవానిని ఆసుపత్రికి చేర్చిన లారీ డ్రైవరు ఆ అర్థమున జంగముడని నేను వాదించుట లేదు. మఠముల పెద్దలు అట్టి వాదమును ఒప్పుకొనరు, ఒప్పుకొననవసరమును లేదు. శివుని కృప కదలు మనిషి రూపమున మన యొద్దకు వచ్చునని నేర్చినవారము, ఆ కదలివచ్చిన మనిషిని చూడక పోనిచ్చుట తగునా యని మాత్రమే నా ప్రశ్న.

దీనికి తోడు పంచాచారములను తలచుకొందము: లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము. వీనిలో భృత్యాచారమును మనము పిల్లలకు చాల తేలికగా చెప్పి ముగింతుము. శివభక్తులందరు పెద్దలు, నేను వారికి భృత్యుడను అని యుండుట భృత్యాచారమని. చెప్పుట సులభమే. మేలు పొందిననాడు దాని కష్టము తెలియును. మేలు పొందినవాని మనస్సున అహంకారము రెండు త్రోవలు వెదకును. తనకు ఒకని సహాయము కావలసివచ్చినదన్న సంగతియే గిట్టక, దానిని మరచిపోవుట మొదటి త్రోవ. త్వరత్వరగా ఏదో ఒకటి చేతిలో పెట్టి, లెక్క చెల్లినదని చేతులు దులుపుకొనుట రెండవ త్రోవ. రెండవది చూచుటకు మర్యాదగా నుండును. పుట్టింటికి పంపు మిఠాయి పెట్టెవలె ఒక పెట్టె పంపి, “ఇక మాకును వారికిని బాకీ లేదు” అను వారిని మీరును చూచియుందురు. సోహమ్మునకు మారు దాసోహమ్మును నేర్పినవారు బాకీ లేని స్థితిని కోరలేదు. ఎల్లప్పుడు దాసుడనై యుందునను స్థితిని కోరిరి.

కల్యాణ పట్టణమును మనము స్వస్థలమువలె తలచుకొందుము. నిజమునకు అది పరస్థలములనుండి వచ్చినవారితో నిండిన ఊరు. బసవేశ్వరుడే అచటి వాడు కాడు. బాగేవాడిలో పుట్టి, ఉపనయనమును కాదని, బాల్యముననే ఇల్లు విడిచి కూడలసంగమము చేరెను. అచట ఆశ్రయమిచ్చి చదువు చెప్పిన గురువు లేనిచో తరువాతి చరిత్ర యెట్లుండెడిదో మనము చెప్పలేము. పిదప మంగళవాడ, ఆపైన కల్యాణము, బిజ్జలుని కొలువు. మోళిగె మారయ్య కాశ్మీర రాజ్యమును విడిచివచ్చి కల్యాణమున కట్టెలు కొట్టి అమ్ముకొని బ్రదికినవాడని సంప్రదాయము. మరుళశంకరదేవుడు అంతకంటెను దూరమునుండి, ఆఫ్ఘను దేశమునుండి వచ్చినవాడని చెప్పుదురు. దినమునకు లక్షా తొంబదియారువేల జంగములకు దాసోహము జరిగెనని చెప్పబడు ఆ మహామనెలో, ఈ పరదేశి సంవత్సరముల తరబడి ఎవరి దృష్టికిని రాక పరిచర్య చేయుచుండెను. అతనిని అల్లమప్రభువు గుర్తించి చూపువరకు అచటివారికి తెలియలేదని శూన్యసంపాదనము చెప్పును.

ఈ కథను సాధారణముగా మరుళశంకరదేవుని నిరాడంబరమునకు దృష్టాంతముగా చెప్పుదురు. నాకు మాత్రము అది చూడని కన్నుల కథగా కూడ తోచును. మహామనె వంటి ఇంటిలోనే, బసవేశ్వరుని వంటి గృహపతి యుండగనే, పనిచేయు ఒక చేయి కనబడకపోవచ్చును. అటువంటప్పుడు మన సంగతి చెప్పనేల?

ఖర్చు తెలియనిదే మేలు తెలియదు

గల్ఫు దేశములలో మనవారి బ్రదుకు ఎట్టిదో ఇంటివారికి కొంత తెలియును, చాలవరకు తెలియదు. ఒక గదిలో ఆరుగురు, ఎనమండుగురు. గోడల వెంబడి రెండంతస్తుల మంచములు. తెల్లవారుజామున నాలుగింటికి కంపెనీ బస్సు. అట్టి గదిలో ఇష్టలింగమును ధరించినవాడు ఒకడుండెననుకొనుడు. అతడు స్నానము చేసి, తన మంచముమీదనే తూర్పుముఖముగా కూర్చుండి, లింగకాయనుండి లింగమును తీసి ఎడమ అరచేతిలో నుంచుకొని పూజ చేసికొనవలెను. ఆ కాసేపు క్రింది మంచమువాడు పాట ఆపవలెను. ఎదుటి మంచమువాడు పొగ త్రాగుటకు బయటికి పోవలెను. స్నానపుగది వాడుకలో ముందు వంతును ఒకడు వదలుకొనవలెను. ఇవన్నియు చిన్న సంగతులే. కాని పదునాలుగు గంటలు ఎండలో పనిచేసి వచ్చి, ఐదుగంటలు మాత్రమే నిద్రపోవు మనిషికి పదినిమిషముల వంతును వదలుకొనుట చిన్న సంగతి కాదు. అట్టివాడు బీహారు వాడు కావచ్చును, నేపాలు వాడు కావచ్చును, బంగ్లాదేశపు ముస్లిము కావచ్చును. మనవాని నిత్యపూజ తప్పక జరిగినదన్నచో దానిలో ఆ గదివారికి పాలు కలదు. ఊరికి వచ్చినప్పుడు “నా పూజ ఒక్కనాడును తప్పలేదు” అని చెప్పుకొనువాడు ఆ పాలును కూడ చెప్పవలెను.

ఇక పెద్ద కష్టము వచ్చినప్పుడు సంగతి వేరు. మనవాడొకడు అచట మరణించెననుకొందము. శివైక్యము చెందినవాని దేహము శంషాబాదు విమానాశ్రయమునకు చేరినదని మనము ఒక్క వాక్యములో చెప్పుదుము. ఆ వాక్యము వెనుక ఎన్ని కాగితములున్నవో వినుడు. ఆసుపత్రి నివేదిక. పోలీసుల పత్రము. అరబ్బీలో మరణ ధ్రువపత్రము, దానికి అనువాదము. యజమాని ఇచ్చు నిరభ్యంతర పత్రము. భారత రాయబార కార్యాలయమున నమోదు, పాస్‌పోర్టు రద్దు. దేహము చెడకుండ మందులెక్కించిన ధ్రువపత్రము. విమానపు సరుకుల విభాగమున చోటు. ఒక్కొక్క కాగితమునకు ఒక్కొక్క కార్యాలయము. కార్యాలయములు తెరచియుండు దినములు పనిదినములే గాన, తిరుగువాడు కూలి పోగొట్టుకొని తిరుగవలెను. ఫోర్‌మన్ అనుమతి కావలెను, టాక్సీ ఖర్చు పెట్టుకొనవలెను. కఫీలు కోపించినచో తన అకామాకు ముప్పు రావచ్చును. 2009లో మన ప్రభుత్వము ఏర్పరచిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుండి ఇట్టి సమయములలో రాయబార కార్యాలయములు సహాయము చేయును, నిజమే. ఆ నిధిని అడుగుటకు కూడ ఒకడు కాగితము పట్టుకొని వరుసలో నిలువవలెను గదా!

ఆ నిలిచినవాడెవరు? తరచుగా చనిపోయినవానికి బంధువు కాడు. ఒకే జిల్లావాడైనను కాకపోవచ్చును. శుక్రవారము సెలవును, వారమునకు ఒక్కసారి ఇంటికి ఫోను చేసికొను గంటను, వదలుకొని తిరిగినవాడు. పెట్టె దిగిన దినమున ఇంటివారు దుఃఖములో నుందురు. పేరు అడుగు స్థితి వారికి ఉండదు. దినకర్మ ముగిసిన తరువాతనైనను అడుగవలెను. చనిపోయినవాని ఫోనులోని చివరి నంబర్లలో ఆ పేరు ఉండును.

కువైటు మాట వచ్చినది గాన మరొక సంగతి. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమించిన పిదప, సుమారు 1,70,000 మంది భారతీయులు జోర్డాను రాజధాని అమ్మానునుండి విమానములలో స్వదేశము చేరిరి. రెండు మాసములు, 488 విమానములు. వారిలో తెలుగువారు కూడ కలరు. విమానముల సంఖ్య మనకు కంఠస్థమైనది. కువైటునుండి బాగ్దాదుకు, బాగ్దాదునుండి జోర్డాను సరిహద్దుకు బస్సులు కుదిర్చి, దిక్కులేని వారికి బడులలో బస కల్పించి, చివరివరకు వెనుక నిలిచిన ప్రవాసులున్నారు. ‘టయోటా సన్నీ’ అని కువైటు భారతీయులు పిలిచిన మాత్యూస్, హర్భజన్ సింగ్ వేది వంటివారు ఆ పనికి ముందు నడచిరి. నీటికే కరవైన జోర్డాను ఆ వేసవిలో తన ఎడారిలో నానాదేశముల శరణార్థులను లక్షల సంఖ్యలో నిలుపుకొన్నది. విమానములను గుర్తుంచుకొన్నంతగా ఆ దేశమును మనము గుర్తుంచుకొన్నామా?

ఇండ్లలో పనిచేయు స్త్రీల విషయము అంతకంటె సున్నితము. కడపనుండి, గోదావరి జిల్లాలనుండి వేలాది స్త్రీలు కువైటునకు పోయి పరుల ఇండ్లలో పనిచేయుచున్నారు. కొందరికి ఫోను కూడ యజమానురాలి చేతిలోనే యుండును. అట్టిచోట ప్రక్క ఇంటి ఫిలిప్పీను పనిమనిషి చెత్త వేయు నెపమున బయటికి వచ్చి, తన ఫోనును రెండు నిమిషములు ఇచ్చుట యెంత సాహసమో! దానిని ఆ తల్లి మాట విన్న బిడ్డలే చెప్పవలెను.

పుచ్చుకొనుటకును హద్దు కలదు

ఇచ్చువానికి ధర్మము చెప్పిన పెద్దలు పుచ్చుకొనువానికిని ధర్మము చెప్పిరి. రాయచూరు సీమలోని అమరేశ్వరమునుండి కల్యాణము చేరిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అందరికి తెలిసినదే. మహామనె వాకిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. ఆ మిగులును తిరిగి అచటనే పోసి రమ్మని లక్కమ్మ అతనిని పంపెను. పరాయి ఊరిలో బీదరికమున బ్రదుకుచు ఆ తల్లి చూపిన నిబ్బరము సామాన్యమైనది కాదు. పరదేశమున సహాయము పొందువాడు ఆమెను గురువుగా తలచవలెను. అమెరికా చేరిన విద్యార్థి మొదటి మాసము ముందుగా చేరిన మిత్రుని గదిలో నేలమీది పరుపున పడుకొనుట లోకమున జరుగుచున్నదే. రెండవ మాసమును అట్లే గడపి, బియ్యమునకును కరెంటునకును పాలు ఇవ్వక, మిత్రుని కారు తనదే యన్నట్లు అడుగువాడు లక్కమ్మ కథను వినలేదనవలెను.

దీనికి మరొక ప్రక్క కలదు. అది మన కార్మికులకు ముఖ్యము. ప్రతి ఇచ్చుటయు మేలు కాదు. చేసిన పనికి కూలి ఇచ్చుట మేలు కాదు, అది కాయకమునకు చెల్లవలసిన ఫలము. పాస్‌పోర్టును తిరిగి చేతికిచ్చుట అసలే మేలు కాదు. దానిని యజమాని తన యొద్ద పెట్టుకొనుటను పలు గల్ఫు దేశముల చట్టములే నిషేధించినవి. వీసా ఇప్పించితినని చెప్పి, లక్షల రూపాయలు పుచ్చుకొని, ఆపైన జీవితాంతము విధేయతను కోరు ఏజెంటు ఉపకారి కాడు, వ్యాపారి. మనవారిలో అణకువ యెక్కువ. హక్కుగా రావలసినదానికి చేతులు జోడింతురు, ఊరకే వచ్చినదానిని గుర్తింపరు. భృత్యాచారము శివభక్తులకు భృత్యుడవై యుండుమని చెప్పినది గాని, దోచుకొనువానికి భృత్యుడవు కమ్మని చెప్పలేదు. గణాచారమును దాని ప్రక్కనే నిలిపిన పూర్వుల వివేకమును ఇచట గమనింపవలెను. అన్యాయమును సహింపకుండుట కూడ ఆచారమే.

అన్యమతస్థుల చేతి అన్నము విషయమై కొందరు సందేహము వ్యక్తపరచెదరు. రంజాను మాసమున గల్ఫు దేశములలో మసీదుల వద్ద గుడారములు వేసి, సూర్యాస్తమయ వేళకు ఇఫ్తారు విందును అనేకచోట్ల ఏ మతము వారని అడుగక కూలివారందరికి పెట్టుదురు. నెల చివర చేతిలో చిల్లర లేని మనవానికి అది ఆకలి తీర్చు అన్నము. వీరశైవునికి ఆహారము లింగార్పితము కావలెను. అర్పితమైనది ప్రసాదము, కానిది కాదు. ఖర్జూరమును, పండును, మజ్జిగను పుచ్చుకొని, హృదయమున లింగమునకు అర్పించి ప్రసాదముగా స్వీకరించుటకు ఏ అడ్డంకియు నాకు కనబడదు. మాంసము కలిసినదానిని వద్దనవలెను. ఆ వద్దనుటలో మాట మెత్తగా నుండవలెను, ముఖమున ఏవగింపు కనబడరాదు. పెట్టువాడు తన దాసోహము తాను చేయుచున్నాడు. ఆ పేరు అతనికి తెలియకపోవచ్చును.

ఋణము తీరదని తెలిసినవారి నడత యెట్లుండునో చూచుటకు ఇటీవలి కాలములో జరిగిన ఒక ఘటనను తీసికొందము. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో కాన్సస్ రాష్ట్రమున ఓలేథా అను ఊరిలో, ఇద్దరు తెలుగు యువకులు పని ముగించుకొని ఒక భోజనశాలలో కూర్చుండియుండగా, వారిని తమ దేశము విడిచి పొమ్మని దూషించిన ఒకడు తుపాకితో తిరిగివచ్చి కాల్చెను. హైదరాబాదు వాడైన కూచిభొట్ల శ్రీనివాస్ మరణించెను. అతని మిత్రుడు మాదసాని అలోక్ గాయపడెను. అచటనే యున్న ఇయాన్ గ్రిలట్ అను ఇరువదినాలుగేండ్ల అమెరికను యువకుడు, హంతకుని చేతిలో గుండ్లు అయిపోయినవని తలచి, వానిని పట్టుకొనుటకు వెంటబడెను. గుండ్లు అయిపోలేదు. ఒక గుండు ఆ యువకుని చేతిని చీల్చుకొని రొమ్మున దూరినది. అతడు బ్రదికెను.

మద్యము అమ్ముచోట జరిగినదాని మాట మన పత్రికలో ఏల యని అడుగు పెద్దలున్నచో, వారికి నా మనవి: ఆ యువకుడు లేచి పరుగెత్తునప్పుడు ఎదుటివారు ఏ దేశమువారని అడుగలేదు. అతడు కూర్చున్న చోటు ఎట్టిదని మనము అడుగుట బాగుండదు.

ఆ తరువాత జరిగినదానిని గూర్చి చెప్పవలసినది కలదు. హ్యూస్టను నగరములోని భారతీయులు తమ ‘ఇండియా హౌస్’ ద్వారా చందాలు కూర్చి, ఇయాన్ గ్రిలట్ ఒక ఇల్లు కొనుక్కొనుటకై ఒక లక్ష డాలర్లు ఇచ్చిరి. హ్యూస్టను కాన్ససునకు ప్రక్క ఊరు కాదు. ఎన్నో వందల మైళ్ళ దూరము. ఇచ్చినవారిలో మరణించినవానిని ఎరిగినవారు ఎందరుందురు? దీనిని వెల కట్టుట యని కొందరనిరి. నేనట్లు తలపను. రొమ్మున దిగిన గుండునకు వెల యెవడు కట్టగలడు? వారు చేసినది, అతని పేరు తమకు తెలిసినదని తెలియజేయుట. మొదట చెప్పిన ఎరుక యనగా ఇదియే. మిఠాయి పెట్టె పంపి లెక్క చెల్లినదనుటకును దీనికిని భేదమును ఇంతకంటె విప్పి చెప్పుట నాకు చేతగాదు. చదువరులే తూచుకొందురు గాక.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల గారి కథ మరింత గ్రహింపదగినది. భర్త మరణముతో ఆమెకు ఆ దేశమున నివసించు చట్టబద్ధమైన హక్కే పోయినది. అంత్యక్రియలకై స్వదేశము వచ్చిన ఆమె తిరిగి పోవుటకు, అచట పనిచేయుటకు, కాన్ససు ప్రతినిధిగా అప్పుడు అమెరికా కాంగ్రెసులో నున్న కెవిన్ యోడరు పూనుకొని అనుమతి సాధించిపెట్టెను. భర్తను పోగొట్టుకొన్న ఊరికే ఆమె తిరిగి పోయెను. పోయి, వలస వచ్చినవారికిని స్థానికులకును నడుమ పరిచయము పెంచు పనికై ఒక సంస్థను నెలకొల్పెను. తనకు అండగా నిలిచినవారి బాకీని వారికే తీర్చుటకు ఆమె పూనుకొనలేదు. వారు నిలిచిన చోట తాను నిలిచినది.

ఇక ఇంటివారి పనిని గూర్చి కొంత. పరదేశముననున్న బిడ్డలు తమ కష్టమును తల్లిదండ్రులకు చెప్పరు. జ్వరము వచ్చినదని చెప్పరు, పని పోయినదని చెప్పరు, నాలుగు దినములు ఆసుపత్రిలో ఉన్నామని చెప్పరు. తల్లి బెంగపడునని వారి భయము. ప్రేమవలన దాచుదురు గాన మనము తప్పుపట్టలేము. ఫలితము మాత్రము విచారకరము. కష్టమును దాచినప్పుడు దానితోపాటు కష్టములో ఆదుకొన్నవాని పేరును దాచవలసివచ్చును. ఆసుపత్రియే లేనప్పుడు ఆసుపత్రిలో ప్రక్కన కూర్చున్నవాడెక్కడ? ఈ విధముగా ఎందరో ఉపకారుల పేర్లు మన ఇండ్లకు చేరకయే పోవుచున్నవి. కొడుకు సెలవులో వచ్చినప్పుడు, పెట్టెలోని వస్తువులు పంచుకొను సందడి ముగిసిన పిదప, తల్లి ఒక ప్రశ్న అడుగవలెను: “అక్కడ నీకు అన్నము పెట్టినది ఎవరు నాయనా?” కష్టపడితివా యని అడిగినచో లేదనును. ఎవరు పెట్టిరని అడిగినచో చెప్పును. చెప్పుచు చెప్పుచు దాచినదికూడ చెప్పును.

పేరు తెలిసిన పిదప ఆ యింటికి ఒక ఉత్తరమో ఫోనో చేయవలెను. భాష రాదని వెనుదీయనక్కరలేదు. కేరళలోని ఒక నర్సు తల్లికి జహీరాబాదునుండి ఒక తల్లి ఫోను చేసి, ఇద్దరును ఒకరి భాష ఒకరికి రాక నవ్వుకొనినను, వచ్చిన పని జరిగినట్లే. నా బిడ్డను చూచిన బిడ్డను కన్నతల్లివి నీవని చెప్పుటకు మాటలు ఎన్ని కావలెను? ఉపకారి బీదవాడై, అతని ఇంట కష్టము వచ్చినచో, చేతనైనది చేయవలెను. ఉపకారి చిరునామాయే దొరకనిచో, మన ఊరికి పని వెదకుకొనుచు వచ్చిన ఒరిస్సా ఇటుకబట్టీవాడు, బీహారు మిల్లుకూలి కలరు. వారికి మన ఊరే పరదేశము. వారి బిడ్డకు జ్వరము వచ్చిననాడు వైద్యుని యింటి దారి చూపువారెవరు?

మఠములకును ఒక మనవి కలదు. దాతల పేర్లను మనము శిలాఫలకముమీద చెక్కింతుము. గది కట్టించినవారు, గంట ఇచ్చినవారు, అన్నదానమునకు నిధి పెట్టినవారు అందులో నుందురు. దానిని తీసివేయుమని నేననను. దాని ప్రక్కన ఒక పుస్తకమును ఉంచుడు. సాధారణమైన లెక్కల పుస్తకము చాలును. మఠమునకు వచ్చు భక్తులు, పరదేశమున తమవారిని ఆదుకొన్నవారి వివరములను అందులో వ్రాయుదురు. వైశాఖ శుద్ధ తదియ నాడు, బసవ జయంతి సభలో, దాసోహమునకు ముందు ఆ పేర్లను ఒకసారి చదువవలెను. వారు ఏ మతమువారైనను చదువవలెను. నాలుగు గళ్ళు గీసిన చాలును: పేరు, ఊరు, సంవత్సరము, చేసిన పని. కొందరి పేరు సరిగా తెలియకపోవచ్చును, తెలిసినంతయే వ్రాయవచ్చును. “పెషావరు డ్రైవరు, రియాదు, 2019, రాత్రివేళ రెండుమార్లు ఆసుపత్రికి తీసికొనిపోయెను, బాడుగ పుచ్చుకొనలేదు” అని.